మే 7: ఒకే తారీఖు, రెండు ఫితూరీలు

మన ఇళ్లల్లో గోడకి తగిలించే క్యాలెండరులో ఇంగ్లీషు తారీఖు కింద చిన్న అంకెల్లో చాంద్ తారీఖు కూడా ఉంటుంది. పండుగ ఎప్పుడో, పెళ్లి ఎప్పుడు పెట్టుకోవాలో చూసుకోడానికి అందరం దాని దగ్గరకే వెళ్తాం. తారీఖు అనే మాటకి అరబ్బీలో, ఉర్దూలో చరిత్ర అనే అర్థం కూడా ఉందన్న సంగతి పెద్దలకు తెలియనిది కాదు. రోజుని లెక్కపెట్టడానికీ, జరిగిపోయినదాన్ని గుర్తుపెట్టుకోడానికీ ఒకే మాట. అందుచేత ఈ సంచికకి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు, రాజుల వంశావళి కాకుండా ఒక్క తారీఖు తీసుకుని మన జిల్లాల కొండల్లో ఆ రోజున ఏమి జరిగిందో చెబితే బాగుంటుందనిపించింది.

నేను తీసుకున్న తారీఖు మే నెల 7.

1924 సంవత్సరంలో ఆ రోజున అల్లూరి సీతారామరాజుని కొయ్యూరులో కాల్చి చంపారు. ఇది స్కూలు పిల్లవాడిని అడిగినా చెబుతాడు. కాని సరిగ్గా దానికి 24 సంవత్సరాల ముందు, 1900 మే 7న తెల్లవారుతూండగా, ఇవే తూర్పు కనుమల్లో ఇంకొక చోట పోలీసు కాల్పులకి పదకొండుమంది కొండవాళ్లు నేలకొరిగారు. వాళ్ల నాయకుడి పేరు కొర్ర మల్లయ్య. ఈ పేరు విన్నవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

ఒక మే 7 మనకి గుర్తుంది, ఇంకొక మే 7 గుర్తులేదు. ఎందుకిలా జరిగిందో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన్యం, ఏజెన్సీ, ఫితూరీ

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాటీ ఎక్కి, అనంతగిరి దాటి అరకు వెళ్లి వచ్చినవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. బొర్రా గుహలు చూసి, రైలు సొరంగాలు లెక్కపెట్టుకుని పిల్లలు సరదాగా తిరిగి వస్తారు. ఆ కొండల వరస అరకుతో అయిపోదు. ఈశాన్యంగా పాచిపెంట, సాలూరు వైపు సాగుతుంది. నైరుతిగా పాడేరు, చింతపల్లి, కొయ్యూరు మీదుగా రంప కొండల దాకా పోతుంది. కొండదొరలు, బగతలు, కోదులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు, ఇంకా ఎన్నో తెగలవాళ్లు తరతరాలుగా అక్కడ బతుకుతున్నారు.

దీన్ని జనం మన్యం అంటారు, సర్కారు కాగితాల్లో ఏజెన్సీ అంటారు. ఏజెన్సీ అనే పేరు 1839లో చేసిన 24వ నంబరు చట్టం నుంచి వచ్చింది. 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వరసగా గొడవలు జరిగిన తరవాత కుంఫిణీవారు ఆ చట్టం తెచ్చారు. దాని ప్రకారం కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులూ మామూలు రూల్సూ ఉండవు. కలెక్టరే గవర్నరుగారి ఏజెంటు. సివిలు, క్రిమినలు అధికారాలు రెండూ ఆయన చేతిలోనే. అంటే కొండవాడికి కష్టం వస్తే చెప్పుకోవలసిందీ ఆయనకే. ఆయన కింది ఉద్యోగస్తుల వల్లే కష్టం వచ్చినా చెప్పుకోవలసిందీ ఆయనకే.

ఆ తరవాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండవాళ్లకి పోడే వ్యవసాయం. కొండవాలులో చెట్టూచేమా కొట్టి, ఎండిన తరవాత కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది చల్లుకుంటారు. రెండు మూడేళ్లు పండించి ఆ నేలని వదిలేసి ఇంకో చోటికి పోతారు. చట్టం వచ్చాక అడవి రిజర్వు అయింది. పోడు నేరం అయింది. నిన్నటిదాకా పుల్ల విరుచుకున్న చోటే నేడు గార్డుకి మామూలు ఇచ్చుకోవలసి వచ్చింది. దీనికి తోడు అబ్కారీ. జీలుగు కల్లు మీద పన్ను వేసి, గీతని కాంట్రాక్టుదారులకి అప్పగిస్తే, 1879లో రంప కొండలు భగ్గుమన్నాయి. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర ఆ తిరుగుబాటులో నాయకులు.

ఇలాంటి తిరుగుబాట్లని సర్కారువారు ఫితూరీలు అన్నారు. ఈ మాట మన ఉర్దూ ఇళ్లల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. మొండికేసిన పిల్లవాడిని "దిమాగ్‌మే ఫితూర్" అని కసురుకుంటాం. ఫితూర్ అంటే లోపం, బుద్ధిలో పుట్టిన తేడా. గోల్కొండ నవాబుల రోజుల్లో తాసిల్దారు, మన్సబ్‌దారు, ఠాణా, అబ్కారీ లాంటి మాటలతో పాటు ఇదీ కచేరీ భాషలోకి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు అలాగే వాడుకున్నారు. గమనించవలసింది ఏమిటంటే, తిరగబడినవాడు తన పనిని తాను ఫితూరీ అనుకోడు. ఆ పేరు పెట్టినది కచేరీలో కూర్చున్నవాడు. కష్టం ఏమిటో చూడకముందే తప్పు బుర్రలో ఉందని తీర్పు చెప్పే మాట అది.

1900 మే 7: కొర్రవానివలస

కొర్ర మల్లయ్య కొండదొర. కొండదొరలు తాము పాండవుల సంతతివారమని చెప్పుకోవడం పాత ఆనవాయితీ. పాచిపెంట కొండల్లో కొర్రవానివలస దగ్గర ఈయనకి దేవుడు పూనాడని పేరు వచ్చింది. జనం చూడడానికి వచ్చారు. వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. నలుగురు పదిమందయ్యారు, చివరికి నాలుగైదు వేలమంది అక్కడ గుడారాలేసుకున్నట్టు ఆనాటి అధికారులే రాశారు. ఆ రోజుల్లో, ఆ కొండల్లో, నాలుగైదు వేలమంది ఒక మనిషి మాట మీద ఒకచోట కూడడం చిన్న సంగతి కాదు.

మొదట్లో అంతా భక్తిగానే సాగింది. తరవాత మల్లయ్య తాను పాండవుల్లో ఒకడినని చెప్పాడు. తన పసికొడుకు శ్రీకృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్లని వెళ్లగొట్టి ఈ దేశాన్ని తానే ఏలుతానన్నాడు. తుపాకులేవి? వెదుళ్లు నరికించి వాటిని తుపాకుల ఆకారంలో చెక్కించాడు. సమయం వచ్చినప్పుడు ఇవే నిజం తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీరైపోతాయి అన్నాడు. ఆ వెదురు తుపాకులు భుజాన వేసుకుని జనం కవాతు చేశారు. అందరూ ఆయన్ని స్వామి అనేవారు.

పాచిపెంట మీద పడతామని కబురు పంపేసరికి ఠాణా కదిలింది. మే 1న ఇద్దరు కానిస్టేబుళ్లు సంగతేమిటో చూసి రావడానికి వెళ్లారు. జనం వాళ్లని కొట్టి చంపేశారు. శవాలు తెచ్చుకోడానికి వెళ్లిన స్థానిక పోలీసులు గుంపుని చూసి వెనక్కి తిరిగారు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా బయలుదేరాడు. విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసుని రప్పించాడు.

మే 7, సోమవారం, ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే బలగం ఆ గుడారాల మీద పడింది. జనం ఎదురు తిరిగారు. పోలీసులు కాల్చారు. వెదురు తుపాకులు వెదుళ్లుగానే ఉండిపోయాయి. పదకొండుమంది చనిపోయారు, ఎందరో గాయపడ్డారు, మిగిలినవాళ్లు కొండల్లోకి చెదిరిపోయారు. అరవైమంది మీద దొమ్మీ కేసు పెట్టారు. కానిస్టేబుళ్ల హత్యకి మల్లయ్యతో కలిపి ముగ్గురిని విచారించారు. ఇద్దరిని ఉరి తీశారు. మల్లయ్య జైల్లో చనిపోయాడు. శ్రీకృష్ణుడని చెప్పిన ఆ పసిబిడ్డ కూడా చనిపోయాడు.

చాంద్ లెక్కన అవి హిజ్రీ 1318 మొహర్రం మొదటి పది రోజులు. కింద మైదానంలో మన పెద్దలు కర్బలా అమరుల్ని తలుచుకుంటున్న రోజుల్లోనే పైన కొండల్లో ఇది జరిగింది.

వెదురు తుపాకుల్ని చూసి నవ్వవచ్చునా?

ఈ కథ చెబితే నవ్వేవాళ్లుంటారు. వెదురు తుపాకీ పేలుతుందని ఎలా నమ్మారండీ అంటారు. అలా నవ్వేముందు చుట్టుపక్కల దేశాల్లో అప్పుడు ఏమి జరుగుతోందో చూడాలి.

అదే 1900లో ఛోటానాగపూర్ కొండల్లో బిర్సా ముండా ఉన్నాడు. ఆయన్నీ జనం భగవానుడన్నారు. తెల్లవాళ్ల గుళ్లు నీళ్లయిపోతాయని అక్కడా నమ్మారు. ఆయనా పట్టుబడి, ఆ ఏడు జూన్ 9న రాంచీ జైల్లోనే కన్నుమూశాడు. మల్లయ్య, బిర్సా ఒకరినొకరు ఎరగరు. మధ్యలో ఎన్నో కొండలు, ఎన్నో భాషలు. ఇంకా ఐదేళ్ల తరవాత, 1905లో, ఆఫ్రికాలో జర్మనీవాళ్ల కింద ఉన్న ప్రాంతంలో (ఇప్పటి టాంజానియా) బలవంతపు పత్తి సాగు మీద జనం తిరగబడ్డారు. మంత్రించిన నీళ్లు చల్లుకుంటే గుండు నీరవుతుందని వాళ్ల నమ్మకం. స్వాహిలీ భాషలో మాజీ అంటే నీళ్లు. ఆ తిరుగుబాటుకి మాజీమాజీ అనే పేరే పడిపోయింది.

మూడు చోట్లా ఒకే ఆశ పుట్టిందంటే కారణం ఒకటే. ఎదుటివాడి చేతిలో తుపాకి ఉంది, తమ చేతిలో లేదు. కోర్టు లేదు, అర్జీ రాసిపెట్టేవాడు లేడు, భాష రాదు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మనిషి దైవాన్ని ఆశ్రయిస్తాడు. మల్లయ్య చెప్పినది నిజం కాలేదు. కాని నాలుగైదు వేలమంది ఇల్లూ పొలమూ వదిలి ఆయన వెంట కూర్చున్నారంటే, వాళ్ల బతుకు ఎంత బరువుగా ఉండి ఉండాలి?

అలాగే ఆ ఇద్దరు కానిస్టేబుళ్లనీ మరిచిపోకూడదు. వాళ్లు చట్టం చేసినవాళ్లు కారు. పై అధికారి వెళ్లి చూసి రమ్మంటే వెళ్లిన చిన్న జీతగాళ్లు. వాళ్ల ఇళ్లల్లోనూ ఎవరో ఎదురుచూసి ఉంటారు.

మధ్యలో ఇరవైనాలుగేళ్లు

కొర్రవానివలస చల్లారిందని అధికారులు అనుకున్నారు. కాని ఆ కారణాలేవీ పోలేదు. రోడ్లు వేయడానికి కొండవాళ్లనే పట్టుకొచ్చేవారు. గూడెంలో డిప్యూటీ తాసిల్దారుగా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పని బలవంతంగా చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. దాని మీద అర్జీలు పెట్టినా ఫలితం లేకపోయింది.

1897 జూలై 4న పుట్టిన సీతారామరాజు 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. మందూ మాకూ ఇస్తూ, జాతకాలు చెబుతూ, పురాణం చదువుతూ కొండవాళ్లలో కలిసిపోయాడు. అవి ఖిలాఫత్, సహాయ నిరాకరణ రోజులు. దేశమంతా హిందువులూ ముస్లిములూ కలిసి నడిచిన రోజులు. రాజు కూడా గాంధీగారి మాటలే కొండల్లో చెప్పాడు. తాగుడు మానండి, ఖద్దరు కట్టండి, తగువులు పంచాయతీలో తీర్చుకోండి అన్నాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తరవాత ఉద్యమం ఆగిపోయింది. కొండలో కష్టం మాత్రం ఆగలేదు.

ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవలసిన పేరు ఒకటుంది. పోలీసులు రాజుని అనుమానించి నిఘా పెట్టిన రోజుల్లో పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ గారు ఆయన్ని ఆదరించారు. పైడిపుట్ట దగ్గర సేద్యానికి భూమి ఇప్పించారు. సర్కారు ఉద్యోగంలో ఉంటూ, సర్కారు అనుమానించే మనిషితో మర్యాదగా మెలగడం ఆ రోజుల్లో తేలిక కాదు. రాజు జీవితం గురించి రాసిన పుస్తకాల్లో ఈయన ప్రస్తావన రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. మన పిల్లలకి ఆ రెండు మూడు వాక్యాలు కూడా చేరడం లేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాల మీద రాజు మనుషులు పడి తుపాకులు, తూటాలు తీసుకుపోయారు. ఏమి తీసుకున్నదీ స్టేషనులోనే రాసిపెట్టి మరీ వెళ్లారు. గాము గంతందొర, గాము మల్లుదొర, అగ్గిరాజు అని పేరు పడ్డ వేగిరాజు సత్యనారాయణరాజు ఆయన ముఖ్య అనుచరులు. మల్లయ్య వెదురుతో చేయించిన తుపాకిని రాజు ఠాణాలోంచే తెచ్చుకున్నాడన్నమాట. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ముందు నడిచిన దేశీ సిపాయిలని పోనిచ్చి తెల్ల అధికారులనే గురిచూసి కొట్టారని చెబుతారు.

సర్కారు అప్పుడు మలబార్ స్పెషల్ పోలీసుని దించింది. 1921లో మలబారులో మాప్పిళ్ల రైతులు తిరగబడితే వాళ్లని అణచడానికి ఏర్పాటు చేసిన బలగం అది. మలప్పురం నుంచి మన్యానికి వచ్చింది. తరవాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. రాజు తలకి పదివేల రూపాయల వెల కట్టారు. గ్రామాల మీద అదనపు పోలీసు ఖర్చులు మోపారు. తిండి దాచిపెట్టారనీ, జాడ చెప్పలేదనీ జనాన్ని హింసించారు. రెండేళ్లు గడిచేసరికి కొండ నలిగిపోయింది.

1924 మే 7: కొయ్యూరు

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ఏజెన్సీకి స్పెషల్ కమిషనరుగా వేశారు. మే 6న జరిగిన ఎదురుకాల్పుల్లో అగ్గిరాజు గాయపడి పట్టుబడ్డాడు. మర్నాడు, మే 7, బుధవారం, మంప గ్రామం దగ్గర సీతారామరాజు పట్టుబడ్డాడు. అక్కడనుంచి ఆయన్ని కొయ్యూరులో మకాం వేసిన మేజర్ గుడాల్ దగ్గరకి తీసుకొచ్చారు. చెట్టుకి కట్టి తుపాకితో కాల్చి చంపారు. పారిపోబోయాడు, అందుకని కాల్చాం అని సర్కారు చెప్పుకుంది. ఆయన వయస్సు అప్పటికి ఇరవయ్యారు నిండి ఇరవయ్యేడు నడుస్తోంది. శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చి దహనం చేశారు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది.

చాంద్ లెక్కన అది హిజ్రీ 1342. రంజాను నెల వెళ్లి షవ్వాల్ మొదలవుతున్న రోజులు.

ఒక నెల తరవాత, జూన్‌లో, గంతందొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. అగ్గిరాజుని అండమాన్ పంపారు. ఆయన తిరిగి రాలేదు. మల్లుదొరకి ముందు ఉరిశిక్ష వేసి, తరవాత యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. ఈయన మాత్రం తిరిగి వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఒకప్పుడు ఉరిశిక్ష పడిన కొండ మనిషి ఢిల్లీలో పార్లమెంటు మెంబరుగా కూర్చున్నాడు. ఈ సంగతి కూడా మన పిల్లలకి చెప్పదగ్గదే.

రెండు మే ఏడులూ పక్కపక్కన

ఇప్పుడు రెండింటినీ పోల్చి చూద్దాం.

మొదటిది విచారణ. 1900లో కాల్పులయ్యాక అయినా కోర్టు పెట్టారు. అరవైమందినీ, ఆ ముగ్గురినీ నిలబెట్టి విచారించారు. 1924లో చేతికి చిక్కిన మనిషికి ఆ మాత్రం కూడా లేదు. ఇరవైనాలుగేళ్లలో సర్కారు చట్టాలు పెరిగాయి కాని, చట్టం మీద సర్కారుకున్న గౌరవం పెరగలేదు.

రెండోది రికార్డు. కొర్రవానివలస గురించి మనకి తెలిసినది ముఖ్యంగా 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు, 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకం ద్వారానే. అందులో ఒక్క పేరా. స్వామి పోయాడు, బిడ్డ పోయాడు, గొడవ సద్దుమణిగింది అని ఆ పేరా ముగుస్తుంది. చనిపోయిన పదకొండుమందిలో ఒక్కడి పేరూ అక్కడ లేదు. చనిపోయిన కానిస్టేబుళ్ల పేర్లూ లేవు. వెదురు తుపాకులు ఉన్నాయి, మంత్రాలు ఉన్నాయి, పిచ్చి భక్తి ఉంది. కొండవాళ్లకి ఏమి కష్టం వచ్చిందన్న ఒక్క మాట లేదు. ఫితూరీ అనే మాటకి తగినట్టుగానే ఆ పేరా ఉంది. కాల్చినవాళ్ల కచేరీలో పుట్టిన కాగితం మీద కాల్పులకి గురైనవాళ్ల పక్షం ఎలా వస్తుంది?

సీతారామరాజు విషయంలోనూ సర్కారు కాగితాలు అలాగే రాశాయి. కాని ఆయనకి ఇంకో పక్షం కూడా ఉంది. ఆయన చదువుకున్నవాడు. మైదాన ప్రాంతంలో పుట్టినవాడు. బంధువులున్నారు, స్నేహితులున్నారు. పత్రికలున్నాయి. 1929లో గాంధీగారు, హింసామార్గాన్ని ఒప్పుకోకపోయినా, ఆయన ధైర్యాన్నీ త్యాగాన్నీ మెచ్చుకుంటూ రాశారు. 1974లో కృష్ణగారి సినిమా వచ్చి ఇంటింటికీ ఆయన్ని తెచ్చింది. 1986లో పోస్టల్ స్టాంపు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి ఆయన పేరే పెట్టారు. ఇదంతా న్యాయమే. ఆయన పేరు ఇంకా పెద్దగా నిలవాలి.

అదే రోజున ఏర్పడ్డ మరో జిల్లా పార్వతీపురం మన్యం. పాచిపెంట అందులోనే ఉంది. ఆ జిల్లాకి మన్యం అనే పేరు ఉంది కాని, మన్యంలో పోయిన మనిషి పేరు లేదు. కొర్ర మల్లయ్యకి పత్రిక లేదు. చదువు లేదు. ఆయన తరఫున రాసిపెట్టే స్నేహితుడు లేడు. కొడుకు పసితనంలోనే పోయాడు. అందుచేత ఆయన మే 7 ఆయనతోనే పోయింది.

మూడోది అసలు కారణం. రెండు తిరుగుబాట్లకీ నాయకులు వేరు, పద్ధతి వేరు. కాని కొండవాడి పేచీ ఒకటే. ఈ నేల ఎవరిది? ఈ అడవి ఎవరిది? పని చేస్తే కూలి ఎంత? ఆ ప్రశ్న స్వాతంత్ర్యంతో కూడా పూర్తిగా తీరలేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతిలోకి పోకుండా 1959లో రెగ్యులేషను, దాన్ని గట్టిపరుస్తూ 1970లో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే సవరణ వచ్చాయి. అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల మీద 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో గిరిజనుల వైపు తీర్పు చెప్పింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 1900లో వెదురుతోనూ, 1922లో తుపాకితోనూ అడిగినదే తరవాత కాగితం మీద, కోర్టులో అడగవలసి వచ్చింది. కాగితం మీద అడిగినప్పుడు ప్రాణాలు పోలేదు, పేర్లు రికార్డులో నిలిచాయి. చదువు విలువ ఇంతకంటే ఇంకెలా చెప్పాలి?

ఒక మనవి

ఇదంతా రాయడంలో నాకున్న ఉద్దేశం చిన్నది. రాసుకోనివాడి చరిత్రని ఎదుటివాడు రాస్తాడు. తనకి తోచిన పేరు పెడతాడు, తనకి అక్కర్లేని పేర్లు వదిలేస్తాడు. కొర్రవానివలసలో అదే జరిగింది. ఇది కొండవాళ్లకి మాత్రమే వర్తించే మాట కాదు. మన ఇళ్లల్లోనూ ముత్తాత పేరు చెప్పమంటే తడుముకునే పిల్లలున్నారు. ఏ ఊరినుంచి వచ్చాం, ఏ పని చేశాం, ఏ కరువులో ఏ కలరాలో ఎవరు పోయారు అన్నది ముసలివాళ్ల నోట్లో ఉంది, కాగితం మీద లేదు. వాళ్లతోపాటే అది పోతుంది.

కనుక ప్రతి కుటుంబంలోనూ ఒక నోటుపుస్తకం పెట్టండి. దాదీ, నానీ, తాతయ్య చెప్పే సంగతులు తెలిసినంతవరకు తారీఖుతో సహా అందులో రాయించండి. ఆడపిల్లలు అందమైన దస్తూరీతో రాస్తారు, వాళ్లకి అప్పగించండి. ఇంగ్లీషు తారీఖు వేయండి, చాంద్ తారీఖు కూడా వేయండి.

ఇక వచ్చే మే 7న స్కూళ్లలో, ఊళ్లలో అల్లూరి సీతారామరాజు వర్ధంతి జరుపుతారు. మన పిల్లల్ని తప్పక పంపండి. తిరిగి వచ్చాక అదే తారీఖున పాచిపెంట కొండల్లో కొర్ర మల్లయ్య వెంట నిలబడి చనిపోయిన పదకొండుమంది గురించి కూడా చెప్పండి. వాళ్ల పేర్లు మనకి దొరకవు. కనీసం ఎంతమందో, ఏ రోజో గుర్తుంచుకుందాం.